ఒక్క అడుగు వేసిన పులి

ఆయన పోయాడని మన్ననూర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక చెప్పొచ్చు అనిపించింది. ఏడుపు తర్వాత వచ్చింది, వంటింట్లో కుక్కర్ మూత తీస్తుంటే. కానీ మొదట మనసులోకి వచ్చిన మాట మాత్రం అదే. ఒక మంచి మనిషి పోతే ముందుగా అలా అనిపించినందుకు సిగ్గుపడాలేమో. నేను పడలేదు. రెండు చలికాలాలు నోరు కట్టుకుని కూర్చున్నదాన్ని, ఇంకెన్నాళ్ళు కట్టుకోను?

నేను గద్వాలలో సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. మాది ఇటిక్యాల మండలం. మిరప చేలల్లో అమ్మ వెంట తిరిగి పెరిగాను కాబట్టి మట్టి, మొక్క నాకు తెలుసనే పొగరు ఉండేది. నాలుగేళ్ళ కిందట మొదటిసారి పిల్లలను నల్లమలకు తీసుకుపోయాను. చీకటితోనే గద్వాలలో బస్సెక్కితే వనపర్తిలో టిఫిన్, నాగర్‌కర్నూల్ దాటాక సగంమంది పిల్లలకు వాంతులు, మన్ననూర్‌లో దిగేసరికి అందరి మొహాలూ వాడిపోయి ఉండేవి. అక్కడ మూడు రోజుల క్యాంపు. పొద్దున్నే అడవి అంచున, అనుమతి ఉన్న దారిలో నడవాలి, చూడాలి, చూసింది పుస్తకంలో బొమ్మ గీయాలి. క్యాంపులు నడిపేది వనపర్తిలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్. అందరం కోఆర్డినేటర్ సారు అనేవాళ్ళం. పేరుకు ఆయనే గానీ, పిల్లలను నిజంగా నడిపించినవాడు మన్ననూర్ మనిషి, అడవిలో పుట్టి అడవిలోనే ముసలివాడైన ఈయన. పిల్లలు తాత అనేవాళ్ళు.

ఈయన పేరు నేనిక్కడ రాయను. మరచిపోయి కాదు. పేరు దొరికితే రేపెవరో ఒకరు దాన్ని పట్టుకుపోయి తమ పుస్తకం చివర, చిన్న అక్షరాల్లో, సహకరించినవారు అని వేసి చేతులు దులుపుకుంటారు. ఆ కోఆర్డినేటర్ పేరు కూడా రాయను, అది వేరే కారణం. తన పేరు అచ్చులో చూసుకోవడమంటే ఆయనకు ప్రాణం. నా చేతుల మీదుగా ఆ సుఖం ఆయనకు దక్కనివ్వను.

తాత పొట్టి మనిషి. ఎవరో టీచర్ ఇచ్చిన ఎర్ర స్వెటర్ వేసుకునేవాడు. దాని ఛాతీ మీద పూల గుత్తి కుట్టి ఉండేది, అది ఆడపిల్లల స్వెటర్ అని ఎవరూ ఆయనకు చెప్పలేదు, చెప్పినా పట్టించుకునేవాడు కాదు. భుజం మీద తువ్వాల. కుడిచేతి ఉంగరపు వేలు పై కణుపు దగ్గర తెగిపోయి ఉండేది. చిన్నప్పుడు గొడ్డలి తగిలిందట. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, తాగడం మానేసి, చల్లారేదాకా వెచ్చదనం తీసుకునేవాడు. చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి గ్లాసు బోర్లించేవాడు.

బస్సు దిగిన మర్నాడు పొద్దున, మంచు ఇంకా విడవలేదు. పిల్లలు మంకీ క్యాపులు పెట్టుకుని, చేతులకు సాక్సులు తొడుక్కుని, నోట్లోంచి పొగ వదులుతూ సిగరెట్ ఆట ఆడుతున్నారు. దారి పక్కన ఒక చెట్టు చూసి ఇదేం చెట్టు అని ఆయనను అడిగాను. ఆయన నా చెప్పుల వంక చూశాడు గానీ మాట్లాడలేదు. వినబడలేదేమో అనుకుని గట్టిగా అడిగాను. మళ్ళీ అంతే. ఇంతలో మా పిల్ల ఒకతి కింద ఏదో కనబడి గొంతుక్కూర్చుంది. వెంటనే ఈయన కూడా దాని పక్కన కూర్చుని, ఆ చెట్టు గురించీ, దాని కింద రాలిన ఆకు గురించీ, ఆ ఆకును తొలిచిన పురుగు గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు ఆపలేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, మంచుకు తడిసిన గడ్డిలో నేనూ కూర్చున్నాను. అప్పుడు నావైపు తిరిగాడు.

“నిలబడి అడిగితే నేను చెప్ప, పంతులమ్మా. చూసేదేమో కిందున్నది, నువ్వేమో మీదున్నవు.”

అది ఆయన పెట్టుకున్న రూలు. కలెక్టర్ వచ్చినా అంతే అనేవాడు, కలెక్టర్ ఎప్పుడూ రాలేదనుకోండి. రెండో రూలు ఇంకా విచిత్రం. పేరు ముందు చెప్పేవాడు కాదు. ఏ పిట్టను చూపించినా, ఏ జాడను చూపించినా పిల్లలు ఎగబడి పేరేంది పేరేంది అని అడిగేవాళ్ళు. ముందు చూడు, పేరు తర్వాత, అనేవాడు. పేరు తెలియగానే పిల్లలు చూడడం ఆపేస్తారని ఆయన లెక్క. నేను పాతికేళ్ళుగా పేర్లు బట్టీ పట్టిస్తున్న మనిషిని. ఆ మాట విన్నాక బోర్డు మీద పేరు రాయబోతూ ఎన్నిసార్లు ఆగిపోయానో నాకే తెలుసు.

చలికాలమే ఎందుకు రమ్మంటావు తాతా అని ఒకసారి పిల్లలు అడిగారు. రాత్రి మంచుకు దారిలోని దుమ్ము కాస్త తడిసి గట్టిపడుతుంది, దాని మీద ఏది నడిచినా అచ్చు దిగుతుంది, ఎండెక్కితే అచ్చు పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే అంత పొద్దున్నే లేపేవాడు. సాలెగూళ్ళ మీద మంచు బొట్లు చూపించి గూడు కట్టిన వరుస లెక్కపెట్టించేవాడు. ఎలుగు పెంటను పుల్లతో విడదీసి లోపలి రేగు గింజలు చూపించేవాడు. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుతూ గింజలు లెక్కపెట్టేవాళ్ళు. ఉసిరికాయ తినిపించి, మొహాలు వికారంగా పెట్టాక నీళ్ళు తాగించి, ఆ తీపికి వాళ్ళు కళ్ళు పెద్దవి చేస్తుంటే తానూ మొదటిసారి చూస్తున్నట్టు చూసేవాడు.

ఇంత వరకూ చదివితే ఆయన ఏదో సాధుపురుషుడు అనుకుంటారు. కాదు. ఆయనంత పగ పట్టే మనిషిని నేను చూడలేదు. దారిలో ఒక బండ ఉండేది. పడుచుతనంలో దాని మీద కాలు జారి పడ్డాడట. అప్పటి నుంచి అటు పోయినప్పుడల్లా చేతికర్రతో దానికి ఒక దెబ్బ వేసేవాడు. పిల్లలు కూడా లైన్ కట్టి తలా ఒక దెబ్బ వేసేవాళ్ళు. వానలో తనను దింపేసి పోయిన ఒక జీపు డ్రైవర్ మీద కోపంతో, ఆ డ్రైవర్ ఎవరినైనా ఎక్కించుకొచ్చి దారి అడిగితే, తడుముకోకుండా తప్పు దిక్కు చూపించేవాడు. ఎవరైనా మనసు నొప్పిస్తే అప్పటికప్పుడు ఏమీ అనేవాడు కాదు. తువ్వాల కొసకు ఒక ముడి వేసేవాడు. ఆ కక్ష తీరాక ఇప్పేవాడు. నేను చూసినప్పుడెల్లా ఆ తువ్వాలకు రెండు మూడు ముడులకు తక్కువ ఉండేవి కావు.

ఇక కోఆర్డినేటర్ సారు. ఇస్త్రీ ప్యాంటు, మెడలో కెమెరా తాడు, చేతిలో ఫోను. నిలబడే అడిగేవాడు, అది కూడా పేర్లే. తాత జవాబు చెప్పకపోతే, పిల్లలతో కూర్చుని తాత చెప్పేదంతా వెనక నిలబడి ఫోనులో రికార్డ్ చేసుకునేవాడు. మొదటి క్యాంపులో రెండో రోజు, దారి మీద పడి ఉన్న ముళ్ళపంది ముల్లు చూసి, అది జంతువు విసిరిన బాణం అని పిల్లలకు చెప్పాడు. తాత చిన్నగా, విసరదు సారూ, రాలుతది అన్నాడు. నేను కూడా అవునన్నాను, ఎందుకంటే నిజం అదే. సారు మొహం ఎర్రబడింది. నలభైమంది పిల్లల ముందు ఈయన వంక వేలు చూపించాడు.

“నువ్వు దారి చూపియ్యి, చాలు. పాఠం నేను చెప్త. చదువు రానోడు చెప్తే పిల్లలు ఖరాబైతరు.”

పిల్లలు నా మొహం చూశారు. నేనేం అన్నాను? ఏమీ అనలేదు. కొత్త క్యాంపు, పెద్ద మనిషి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను.  తాత తువ్వాల కొస అందుకుని ముడి వేశాడు.

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి ఈయన వాగు పక్కన తడి ఇసుక దగ్గర ముందే కూర్చుని ఉన్నాడు. సారూ ఇట్ల రాండ్రి అని పిలిచాడు. ఎప్పుడూ పిలవని మనిషి పిలిచాడని అందరం పరుగెత్తాం. ఇసుకలో ఒక పాదం అచ్చు. వెనక మెత్తటి మడమ, ముందు నాలుగు వేళ్ళు, గోళ్ళ గుర్తు లేదు. వేళ్ళలో ఒకటి పొట్టిగా ఉంది. పెద్దపులి అని పిల్లలు కేక పెట్టారు. సారు రెండు చేతులూ చాపి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, తొక్కేస్తారని. నిలబడే నాలుగు ఫోటోలు తీశాడు. తాత కాస్త దూరంలో కూర్చుని తడి చెయ్యి తువ్వాలకు తుడుచుకుంటున్నాడు. ఆ తడి చెయ్యి నేను చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

తర్వాతి చలికాలానికి సారు పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆ పాదం అచ్చు, నిగనిగలాడుతూ. కింద ఆయన పేరు. లోపల సాలెగూడు పాఠం, రేగు గింజల పాఠం, మంచుకు గట్టిపడే దుమ్ము, ఉసిరికాయ మీద నీళ్ళు, అన్నీ ఉన్నాయి. తాత మాటలకు ఇస్త్రీ చేసి పుస్తకాల తెలుగు తొడిగించాడు, అంతే. అట్ట మీది అచ్చు గురించి ప్రత్యేకంగా నాలుగు పేజీలు. వేలికి గాయమైన ఒక ముసలి పెద్దపులి, అడవిపందితో పోట్లాటలో గాయమై ఉండవచ్చు, దాని జాడలో తాను ఎన్నో ఉదయాలు ఒంటరిగా నడిచాడు, దాని ఒంటరితనం తనకు అర్థమైంది. అన్ని పేజీలూ తిప్పాను. తాత పేరు ఎక్కడా లేదు. చివరి పేజీలో స్థానికులకు ధన్యవాదాలు అని ఒక్క లైను ఉంది.

ఫోన్ చేశాను. అడగాల్సింది అడిగాను. ఆయన పేరు ఎందుకు లేదు సార్ అన్నాను. సారు ఏమాత్రం తడబడలేదు.

“ఆయనకు చదవడం రాదు కదమ్మా. పేరుంటే ఏంది, లేకుంటే ఏంది?”

అప్పుడు నేను అన్నవి ఇక్కడ రాయదగ్గవి కావు. మా స్టాఫ్‌రూమ్ అంతా విన్నది. వారం తిరక్కుండా క్యాంపుల జాబితాలోంచి మా బడి పేరు పోయింది. అది పోతే పోయింది. సర్టిఫికెట్ లేనివాళ్ళు పిల్లల వెంట నడవరాదని కొత్త నిబంధన పుట్టించి తాతను కూడా తీసేశాడు. ఆ చలికాలమంతా వేరే బడుల బస్సులు మన్ననూర్‌లో ఆగుతుంటే, ఈయన ఎర్ర స్వెటర్ వేసుకుని వచ్చి రోడ్డు పక్కన కూర్చునేవాడట. పిల్లలు దిగి, లైను కట్టి, వేరే ఎవరి వెనకో పోయేదాకా చూసి లేచిపోయేవాడట.

ఎండాకాలం సెలవుల్లో చూడడానికి వెళ్ళాను. నీ తరఫున ఎంత పోట్లాడానో తెలుసా అని చెప్పుకుందామని వెళ్ళాను, అబద్ధమెందుకు. పుస్తకం కూడా తీసుకుపోయి ఇచ్చాను. ఆయన అట్ట చూసి పక్కన పెట్టాడు.

“నువ్వు కొట్లాడినవు బిడ్డా. ఇంటికాడ కూసున్నది నేను.”

ఇంకొకరెవరైనా అంటే పడేదాన్ని కాదు. పోయి సారుకు తప్పైందని చెప్పు, నన్ను మళ్ళీ నడవనివ్వమని అడుగు, అన్నాడు. నీ పేరు దొంగిలించినవాడికి నేను తప్పైందని చెప్పాలా అన్నాను. పేరుతో నేనేం చేసుకుంటాను, నాకు పిల్లలు కావాలి, అన్నాడు. అంత పగ పట్టే మనిషి నాతో అలా అనడం నాకు అర్థం కాలేదు.

వనపర్తి వెళ్ళాను. ఆయన ఇంట్లో, ఇంకో ఇద్దరు టీచర్ల ముందు, పెద్ద మనసు చేసుకోండి సార్, తొందరపడి మాట్లాడాను అన్నాను. ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నాడు, నన్ను కూర్చోమనలేదు. మీ ఆడవాళ్ళకు ఆవేశం ఎక్కువమ్మా అన్నాడు. ఆ ఇద్దరూ నవ్వారు. తర్వాత ప్లేటులో బిస్కెట్లు వచ్చాయి. ఒకటి తీసుకుని తిన్నాను. క్షమాపణ చెప్పినందుకు కాదు, ఆ బిస్కెట్ తిన్నందుకు నాకు రెండేళ్ళు ఒళ్ళు మండింది.

తిరిగి మన్ననూర్ పోయి, పనైంది, వచ్చే చలికాలం నడువు, అని చెప్పాను. నా మొహం ఎలా ఉందో ఏమో, కాసేపు చూసి, లోపలికి పోయి ఆ పుస్తకం తెచ్చాడు. నేల మీద పెట్టాడు. కుడిచెయ్యి పిడికిలి పట్టి, మెటికలను అట్ట మీది మడమ గుర్తు మీద ఆనించాడు. సరిపోయింది. తర్వాత నాలుగు వేళ్ళ కొసలు ఒక్కొక్కటిగా నాలుగు వేళ్ళ గుర్తుల మీద పెట్టాడు. తెగిన ఉంగరపు వేలు ఆ పొట్టి గుర్తు మీద అచ్చంగా కూర్చుంది.

“ఇది పులి గాదు పంతులమ్మా. నేనే.”

 నాకు నవ్వు మొదలైంది, ఆపడం నా వల్ల కాలేదు. ఆయన నవ్వలేదు. మేస్త్రీ కట్టిన గోడ చూపించినట్టు చాలా గంభీరంగా వివరించాడు. ఒక్క అచ్చే వేశాడట. రెండోది కావాలనే వెయ్యలేదట. సారు ఒక్కసారి కింద కూర్చుని చుట్టూ చూసి ఉంటే ఆ పులికి ముందు అడుగూ లేదు, వెనక అడుగూ లేదని తెలిసేది. అలా తెలుసుకుని అడిగి ఉంటే తాను అక్కడికక్కడే తప్పు ఒప్పుకునేవాడట. కానీ ఆయన కూసోడు కదా అన్నాడు. ఇంత ఉంచుకుని ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. నీ నోరు ఆగదు, అన్నాడు. అది నిజమే.

తాను బతికి ఉన్నన్నాళ్ళు ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే మళ్ళీ పిల్లల వెంట నడవనివ్వరు, ఆయన భయం అదొక్కటే. మరి తర్వాత అన్నాను. తువ్వాల కొస చూపించాడు. పాత ముడులు ఉన్నాయి గానీ, సారుది లేదు.

“నా ముడి ఆనాడే ఇప్పిన. నీ ముడి నీది.”

మా బడి పేరు కూడా జాబితాలోకి తిరిగి వచ్చింది. ఆ తర్వాత రెండు చలికాలాలు ఆయన నడిచాడు. వచ్చిన ప్రతి పిల్లకూ, ఏ బడి పిల్లైనా సరే, తడి ఇసుకలో పులి అచ్చు వేయడం నేర్పించాడు. పిడికిలి ఇట్లా, వేళ్ళు ఇట్లా, ఉంగరపు వేలు మాత్రం సగం మడిచి పెట్టాలి. ఎందుకు మడవాలని పిల్లలు అడిగితే, పులి గట్లనే పెడతది అనేవాడు. పిల్లలు అదే నిజమనుకుని ఇళ్ళకు పోయి తమ్ముళ్ళకు నేర్పించారు. సారు పది అడుగుల దూరంలో ఫోను పట్టుకుని నిలబడే ఉండేవాడు. ముడి ఇప్పేశానన్న మనిషి ఈ పని ఎందుకు చేస్తున్నాడో నేను అడగలేదు. అది నా కోసమని నాకు తెలుసు.

ఈ చలికాలం మొదట్లో ఆయన పోయాడు. జ్వరమన్నారు, నాలుగు రోజులే అన్నారు. నేను వెళ్ళేసరికి మట్టి చేసేశారు. ఎర్ర స్వెటర్ దండెం మీద ఆరేసి ఉంది.

వారం తర్వాత సారే ఫోన్ చేశాడు. పుస్తకం రెండో ముద్రణ వస్తోందట, వనపర్తిలో సభ, ఆ రోజే ఈ ఏటి క్యాంపులు మొదలు. అన్ని బడుల పిల్లలూ ఏదో ఒక ప్రదర్శన పెట్టాలి. అన్నట్టు మన హెల్పర్ ముసలాయన పోయాడట కదా, పాపం, రెండు నిమిషాలు మౌనం కూడా పెడదాం, అన్నాడు. హెల్పర్. నేను చాలా తియ్యగా, తప్పకుండా సార్, మా పిల్లలు జంతువుల అడుగులు చేసి చూపిస్తారు, అన్నాను. మంచి ఐడియా అమ్మా అని మెచ్చుకున్నాడు.

పిల్లలకు నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు, ఇది నమ్మండి. నేర్పాల్సిన మనిషి నేర్పి పోయాడు. నేను చేసిందల్లా కృష్ణ ఒడ్డు నుంచి రెండు బకెట్ల ఒండ్రుమట్టి తేవడం. రేణుక అని పదో తరగతి పిల్ల, వాళ్ళమ్మానాన్నా చీరలు నేస్తారు, నూలుకు గంజి పెట్టే వెడల్పాటి పళ్ళెం ఇంటి నుంచి తెచ్చింది. టేబుళ్ళు ఇస్తామన్నారు, వద్దన్నాను. పళ్ళెం నేల మీదే పెట్టించాను. ఇదంతా చూసి మా తోటి టీచర్, పిల్లలను అడ్డం పెట్టుకుని పెద్దవాళ్ళ కక్షలు తీర్చుకోవడం ఏం బాగుంటుంది అని నెమ్మదిగా అన్నది. బాగుండదు. నాకూ తెలుసు. అయినా బకెట్ల దగ్గరి నుంచి కదల్లేదు.

సభలో వెనక తెర మీద పుస్తకం అట్ట, గోడంత పెద్దదిగా. తాత పిడికిలి అంత పెద్దదిగా చూడడం నాకు అదే మొదటిసారి. కొత్త ముద్రణలో ఆయన పేరు వేస్తాడేమోనని లోపల ఎక్కడో చిన్న ఆశ ఉండింది. వేసి ఉంటే మట్టి అలాగే బకెట్లలో ఉంచి తిరిగి వచ్చేదాన్ని, ఒట్టు. చివరి పేజీ తిప్పి చూశాను. అదే ఒక్క లైను. సారు మైకు దగ్గర ఆ గాయపడ్డ పులి గురించి గొంతు తగ్గించి మాట్లాడాడు. అది ఇంకా ఆ అడవిలో ఎక్కడో బతికే ఉందని నా నమ్మకం, అన్నాడు. అది పోయి పదిహేను రోజులైంది సార్ అని అరవాలనిపించింది. పెదవి కొరుక్కున్నాను.

తర్వాత రెండు నిమిషాలు మౌనం. తర్వాత శాలువాలు. తర్వాత ముఖ్య అతిథిగా వచ్చిన అటవీ అధికారిని వెంటబెట్టుకుని సారు ప్రదర్శనలు చూపించుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. ఆ అధికారి నల్లగా, తీరిగ్గా, అన్నీ ఆగి చూసే మనిషి. పళ్ళెం చుట్టూ మా పిల్లలు గొంతుక్కూర్చుని ఉన్నారు. రేణుక కుక్క అడుగు వేసింది, గోళ్ళు పెట్టి. మేక గిట్ట వేసింది. తర్వాత పెద్దపులి అంటూ పిడికిలి ఆనించి, ఉంగరపు వేలు సగం మడిచి, నాలుగు వేళ్ళూ అద్దింది. దాని పక్కన ఇంకో పిల్ల, దాని పక్కన ఇంకో పిల్ల. పళ్ళెం నిండా ఒకే పులి, ఒకే పొట్టి వేలు.

అధికారి పళ్ళెం వంక చూశాడు. తల ఎత్తి తెర వంక చూశాడు. మళ్ళీ పళ్ళెం వంక చూశాడు. చేతిలో ఉన్న కొత్త పుస్తకం అట్టను దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చూసి, ఈ పులి రెండో అడుగు ఫోటో ఏమైనా ఉందా సార్ అని చాలా మర్యాదగా అడిగాడు. సారు, ఒక్కటే దొరికిందండీ అన్నాడు. ఒక్కటేనా అన్నాడు అధికారి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను సారు మొహం మీంచి కళ్ళు తిప్పలేదు. ఏ క్షణాన ఆయనకు అర్థమైందో సరిగ్గా ఆ క్షణం నేను చూడాలి. చూశాను. ఎరుపు చెవుల దగ్గర మొదలైంది, మెల్లగా కిందికి దిగింది. హాయిగా ఉంది నాకు. ఆ బిస్కెట్ అప్పటికి అరిగింది.

“ఎవరు నేర్పిండ్రమ్మా నీకిది?” అని సారు రేణుకను అడిగాడు. 

ఆయన నిలబడి అడిగాడు. రేణుక మాట్లాడలేదు. ఆయన చెప్పుల వంక చూసింది. మిగతా పిల్లలు కూడా తలలు వంచుకుని మట్టిలోకే చూస్తున్నారు. సారు మళ్ళీ అడిగాడు, ఈసారి కాస్త గట్టిగా. ఒక్క పిల్ల కూడా నోరు విప్పలేదు. భయపడి కాదు, పొగరూ కాదు. తాత దగ్గర నడిచిన పిల్లలకు అది అలవాటు, అంతే. నేను కల్పించుకోవచ్చు. కల్పించుకోలేదు. చుట్టూ జనం మూగారు, ఫోన్లు పైకి లేచాయి. చివరికి ఆ అధికారే, ఈ రూలు ఎక్కడో విన్నట్టు, చిన్నగా నవ్వాడు.

“కూసోవాలేమో సార్.”

సారు నా వంక చూశాడు. నేను చెయ్యి చాపి నేలను చూపించాను. ఆయన కుర్చీ అంచు పట్టుకుని, ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, మూలుగుతూ, పళ్ళెం ముందు కూర్చున్నాడు. ఈ నాలుగేళ్ళలో ఆయన నేలకు అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి. రేణుక కాస్త జరిగి చోటిచ్చింది. ఎవరు నేర్పిండ్రు, పేరేంది, అని ఆయన మూడోసారి అడిగాడు.

“ముందు చూడుండ్రి సార్. పేరు తర్వాత చెప్త.”

ఆయన చూశాడు. చాలాసేపు చూడాల్సి వచ్చింది, రేణుక తొందరపడలేదు.